నీడ కింద నారు: కాజీపేట నర్సరీలో నేర్చుకున్నది

గ్రీన్‌హౌస్ పెట్టాలనుకునే పిల్లలు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. కూర్చోగానే ఏ షీటు మంచిది, సబ్సిడీ ఎట్లా వస్తుంది, పెట్టుబడి ఎప్పుడు చేతికొస్తుంది అని అడుగుతారు. వాటికి నాకంటే బాగా జవాబు చెప్పేవాళ్ళు ఆఫీసుల్లో ఉన్నారు. నాకు తెలిసింది వేరు. డెబ్బైలలో, పదో తరగతి అయిపోయాక, కాజీపేట శివారులోని ఒక నర్సరీలో కుండీలకు నీళ్ళు పోయడానికి చేరాను. ఎనభైలు ముగిసేసరికి ఆ నర్సరీని నేనే నడుపుతున్నాను. ఆ మధ్యలో మొక్కలూ మనుషులూ నేర్పినవి కొన్ని ఉన్నాయి. అవే రాస్తున్నాను.

అద్దాల ఇల్లు

నర్సరీ కరీం సాబ్‌ది. గూడ్సు రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయిన మనిషి. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్ కాబట్టి ఆయన మాకు ముందే తెలుసు. ఊరంతా ఆయన్ని గార్డు సాబ్ అనేది. ఎప్పుడో డ్యూటీ మీద చల్లటి ఊరికి పోయినప్పుడు ఒక దొరల బంగళాలో అద్దాల ఇల్లు చూశాడట. లోపల పచ్చగా ఫెర్న్ మొక్కలు, గోడల మీద నీటి చుక్కలు. రిటైరయ్యాక అట్లాంటిది కట్టాలని అప్పుడే అనుకున్నాడట.

అనుకున్నట్టే కట్టాడు. పాతబడిన రైలు పెట్టెలను తుక్కు కింద వేలం వేస్తే వాటి కిటికీలు కొన్నాడు. బావి పక్కన చెక్క చట్రాలు నిలబెట్టి, గోడలకూ పైకప్పుకూ ఆ కిటికీలే బిగించాడు. పైకీ కిందికీ జరిగే కిటికీలు అట్లాగే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే పట్టాలు తప్పి పొలంలో నిలబడ్డ రైలుపెట్టెలా ఉండేది. తోటి గార్డులు బ్రేక్‌వ్యానులో పెట్టుకుని తెచ్చిచ్చిన ఫెర్న్‌లు, బిగోనియాలు లోపల సర్దాడు. చలికాలమంతా రైల్వే కాలనీ ఆడవాళ్ళు చూడటానికే వచ్చేవాళ్ళు. చూసినవాళ్ళు ఒక కుండీ అయినా పట్టుకుపోయేవాళ్ళు.

ఉగాది దాటింది. ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే లోపలి నుంచి ఆవిరి మొహానికి కొట్టింది. ఫెర్న్‌లన్నీ ఉడికించిన తోటకూరలా కుండీల అంచుల మీద వాలిపోయి ఉన్నాయి. నీళ్ళు కొట్టాం. తడి గోనెసంచులు కప్పాం. ఏవీ లేవలేదు.

గార్డు సాబ్ బయట స్టూలు వేసుకుని చాలాసేపు ఆ అద్దాల వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను భయపడుతూ చాయ్ తీసుకెళ్ళాను.

"భారతీ, మనం గ్రీన్‌హౌస్ కట్టలే బేటా," అన్నాడు. "గాజు పొయ్యి కట్టినం."

"మరి ఇప్పుడేం జేద్దాం సాబ్?"

"పొయ్యి మీద మూత తీస్తం. ఇంకేం జేస్తం!"

మర్నాడే పైకప్పు అద్దాలు దించడం మొదలైంది. వాటి జాగాలో సన్నటి వెదురు బద్దలు కొట్టి, పైన తాటాకులు పలచగా పరిచాం. నడి కప్పులో వేడి గాలి బయటికి పోవడానికి పొడుగునా సందు వదిలాం. పక్క గోడల కిటికీలు మాత్రం ఉంచాం, ఎందుకంటే అవి తెరుచుకుంటాయి. మళ్ళీ ఎండాకాలానికి అదే ఇంట్లోకి అడుగుపెడితే ఒళ్ళు చల్లబడింది.

చలి దేశాల్లో గ్రీన్‌హౌస్ మొక్కకు కప్పే దుప్పటి. మన దగ్గర అది గొడుగు. ఎండను తగ్గించాలి, వానను ఆపాలి, గాలిని రానివ్వాలి. ఈ మూడూ చేయలేని ఇల్లు ఎంత ఖరీదైనదైనా వరంగల్ ఎండకు నిలవదు. ఎవరో ఇచ్చిన బొమ్మ చూసి కట్టేముందు, మే నెల మధ్యాహ్నం ఆ జాగాలో ఒక గంట నిలబడి చూడండి. గాలి ఎటు నుంచి వస్తుందో, నీళ్ళబావి ఎంత దూరమో అక్కడే తెలుస్తుంది.

గడియారం చూసి నీళ్ళు

గార్డు సాబ్‌కు రైల్వే అలవాట్లు పోలేదు. పొద్దున ఒక టైము, సాయంత్రం ఒక టైము. ఆయన విజిల్ వేస్తే నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ బకెట్లు ఎత్తాలి. ముసురు పట్టినా విజిల్ మోగాల్సిందే. అట్లా ఒక వానాకాలం క్రోటన్‌లు పసుపుపచ్చగా మారి ఆకులు రాల్చాయి. నీళ్ళు చాలలేదనుకుని ఆయన ఇంకో తడి పెంచాడు. ఇంకా రాలాయి.

చివరికి ఒక కుండీని గట్టు మీద కొట్టి పగలగొట్టాడు. మట్టి బురదలా ఉంది, వేర్లు నల్లగా కుళ్ళి వాసన వస్తున్నాయి. ఇద్దరం చూశాం. ఆయన మెడలోంచి విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. ఆనాటి నుంచి ముందు కుండీలో వేలు పెట్టి చూడటం, తర్వాతే బకెట్ ఎత్తడం. నాలుగు నెలలయ్యేసరికి కుండీని కాస్త ఎత్తి బరువును బట్టి చెప్పగలిగేంత అలవాటైంది. మీకు ఇప్పుడు డ్రిప్పులున్నాయి, టైమర్లున్నాయి. మంచివే. కానీ టైమర్‌కు మబ్బు పట్టిన సంగతి తెలియదు. రోజూ ఒకసారి చేతికి మట్టి అంటకపోతే ఆ వ్యాపారం మీది కాదు, యంత్రానిది.

నేను చూసినంతలో నర్సరీల్లో మొక్కలు ఎండి చచ్చినవి తక్కువ, తడిసి చచ్చినవే ఎక్కువ.

తలుపులు మూసి మందు కొట్టిన రోజు

ఇది కొంచెం కష్టంగానే రాస్తున్నాను. ఒక ఏడు గులాబీ అంటుమొక్కలకు నల్లి పట్టింది, మంచాల్లోది కాదు, ఆకుల రసం పీల్చేది. ఆకుల వెనక సాలెగూడులా సన్నటి దారాలు. గార్డు సాబ్ పురుగుమందు తెచ్చి తానే పంపు భుజానికి తగిలించుకున్నాడు. మందు గాలికి పోకుండా ఉండాలని కిటికీలన్నీ దించి, కప్పు సందును గోనెసంచులతో మూయమన్నాడు. మూతికి రుమాలు కట్టుకున్నాడు.

"సాబ్, లోపల గాలాడదు. సగమన్నా తెరిచి పెడదాం," అన్నాను.

"తెరిస్తే మందు బయటికి పోతది, పురుగు లోపలుంటది. జర ఆగు, ఐదు నిమిషాల పని."

బయట నిలబడి పంపు కొట్టే చప్పుడు వింటున్నాను. కాసేపటికి చప్పుడు ఆగింది. పిలిస్తే పలకలేదు. తలుపు తోసి చూస్తే గులాబీల మధ్య బోర్లా పడి ఉన్నాడు. నేనూ, నాతో పనిచేసే ఇద్దరూ చేతులు పట్టి బయటికి ఈడ్చాం. చొక్కా విప్పి బావి నీళ్ళతో ఒళ్ళంతా కడిగాం. రిక్షాలో వేసుకుని రైల్వే దవాఖానకు పోతుంటే, దారి పొడుగునా ఆయన చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. ఆ చలి నాకు ఇప్పటికీ గుర్తే.

రెండో రోజుకు తేరుకున్నాడు. ఆయన భార్యను మేమంతా ఆపా అనేవాళ్ళం. ఆమె మంచం పక్కన కూర్చుని సంత్రా పండు ఒలుస్తూ అన్న మాట వార్డంతా వినిపించింది.

"ఇన్నేండ్లు రైళ్ళెక్కి దిగినవ్, నీకేం కాలే. పూలచెట్ల కాడ పానం మీదికి తెచ్చుకున్నవ్. నల్లికైతే బుద్ధున్నది, ఆకు కింద దాక్కున్నది. నీకేమైంది?"

గార్డు సాబ్ నా వైపు చూసి నవ్వలేక నవ్వాడు. "భారతి చెప్పింది. నేనినలే," అన్నాడు. యజమాని నోటి నుంచి అందరి ముందు ఆ మాట రావడం చిన్న సంగతి కాదు. నేను అక్కడ అన్నేళ్ళు పనిచేయడానికి కారణం జీతం ఒక్కటే కాదు.

మూసిన ఇంట్లో మందు కొట్టకండి. కొట్టాల్సి వస్తే కప్పు సందులు, కిటికీలు తెరిచి, చల్లటి పూట, ఇద్దరు ఉన్నప్పుడే కొట్టండి. ఒకరు లోపల, ఒకరు బయట. కొట్టాక ఆ ఇంట్లోకి ఆ రోజు కూలీలను పంపకండి. నల్లికైతే ముందు ఆకుల వెనక నీళ్ళు బలంగా కొట్టి చూడండి. చాలాసార్లు దానితోనే తగ్గుతుంది.

మిరప నారు

ఎనభైలు వచ్చేసరికి పూల కుండీలతో ఇల్లు గడవడం కష్టమైంది. కాలనీలో కొనేవాళ్ళు కొని అయిపోయింది. అదే సమయంలో నర్సంపేట వైపు, వర్ధన్నపేట వైపు మిరప పెరుగుతోంది. రైతులు నారుమడి తమ చేలోనే పోసుకునేవాళ్ళు. పెద్ద వాన పడితే నారు కొట్టుకుపోయేది, ముసురు పడితే మొదళ్ళు కుళ్ళి పడిపోయేది. మన ఇంటి కప్పు మీద పాలిథీన్ షీటు వేసి కింద పోస్తే వాన పడదు కదా అని నేను అడిగాను.

గార్డు సాబ్ కొంచెం బాధపడ్డాడు. "ఫెర్న్‌ల ఇంట్ల మిరపకాయలా?" అన్నాడు. రెండు రోజులు ముభావంగా ఉండి మూడో రోజు తానే పాలిథీన్ చుట్ట రిక్షాలో వేసుకుని వచ్చాడు.

పాలిథీన్ కూడా మాకు పాఠం చెప్పింది. వెదురు కొసలు గుచ్చుకుని మొదటి గాలికే చిరిగింది. తర్వాత వెదురుకు పాత సైకిలు ట్యూబు చుట్టి, దాని మీద షీటు పరిచాం. అప్పటి షీట్లు ఒక ఎండాకాలానికే పెళుసుబారేవి. అందుకని వానలకు ముందు వేసి, వానలు పోగానే విప్పి మడిచి నీడలో పెట్టేవాళ్ళం. నారుమడి జానెడు ఎత్తు లేపి, మధ్యలో కాలువలు తీశాం. విత్తనం పలచగా వరుసల్లో పోశాం. ఒత్తుగా పోస్తే ఎక్కువ నారు వస్తుందని ఆశ పుడుతుంది. గాలి ఆడక మొత్తం పోతుంది.

ఒకటి మాత్రం అనుకోకుండా తెలిసింది. ఒక ఎండాకాలం మిగిలిన షీటు ముక్కను తడిపి ఉంచిన ఒక మడి మీద పరిచి, అంచులకు మట్టి కప్పి మరిచిపోయాం. మేలో ఎండలన్నీ దాని మీదే కాశాయి. తొలకరికి తీసి విత్తితే ఆ మడిలో కలుపు దాదాపు లేదు, కుళ్ళు అసలు లేదు. పక్క మడిలో రెండూ ఉన్నాయి. ఎందుకో మాకు తెలియదు. మట్టిలోని తెగులు ఎండకు ఉడికి చస్తుందని తర్వాత వ్యవసాయ కాలేజీ ఆయన చెప్పాడు. మొక్కలను ఉడికించే పని మట్టికి చేస్తే మేలవుతుందని అట్లా తెలిసింది.

ముసురు పట్టిన ఏడు

మిరప నారు మొదలుపెట్టిన కొన్నాళ్ళకు ఒక ఏడు ఆషాఢంలో పట్టిన ముసురు విడవలేదు. చేలల్లో నారుమళ్ళు చాలావరకు పోయాయి. కాజీపేటలో నారు ఉందని తెలిసి రైతులు బస్సుల్లో, ఎడ్లబండ్ల మీద వచ్చారు. నర్సరీ గేటు ముందు గొడుగులు, వానకు తల మీద కప్పుకున్న గోనెసంచి కొప్పెరలు. మా జీవితంలో అంత గిరాకీ చూడలేదు.

ఆ పొద్దునే నేను లోపల నడుస్తుంటే ఒక మూల కప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి. ఆ కింద నారు మొదళ్ళు నీరు కమ్మి, దారంలా సన్నబడి వాలిపోతోంది. నారుకుళ్ళు. ఆ మూల నుంచి చుట్టుపక్కల వరుసలకు పాకుతోంది. మిగతా మడి కళకళలాడుతోంది. కానీ కుళ్ళు పక్కన పెరిగిన నారు పైకి బాగున్నట్టే ఉంటుంది, చేలో నాటాక పడిపోతుంది.

గార్డు సాబ్‌ను పిలిచి చూపించాను.

"బాగున్నది బాగున్నట్టు ఇచ్చేద్దాం బేటా. గేటు కాడ మందిని చూసినవ్ గదా," అన్నాడు.

"ఇస్తే రేపు చేన్ల పడిపోతది సాబ్. మళ్ళ నారు పోసుకునే అదను కూడ ఉండదు వాళ్ళకు."

"ఇయ్యకపోతే ఇంకో కాడ కొంటరు. అది మనదానికన్న మంచిగుంటదని గ్యారంటీ ఉన్నదా?"

లేదు. ఆ మాట నిజమే. అయినా "మనం ఇచ్చింది చస్తే మన మీద చస్తది," అన్నాను. ఆయన కాసేపు మడి చుట్టూ తిరిగాడు. వంగి ఒక మొక్క పీకి, మొదలు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తర్వాత గేటు దగ్గరికి నడిచి, తానే చెప్పాడు. "ఈ మడి అమ్మం. తెగులున్నది. మాఫ్ చెయ్యున్రి."

పెద్ద గొడవైంది. మేము ధర పెంచడానికి నాటకమాడుతున్నామని ఒకాయన గొంతెత్తాడు. వర్ధన్నపేట పక్క ఊరి సమ్మయ్య భార్య కొమురమ్మ మాత్రం గేటు తోసుకుని లోపలికే వచ్చింది.

"ఏదమ్మా తెగులు? సూపియ్యి," అంది.

చూపించాను. కూర్చుని చాలాసేపు చూసింది. బయటి నుంచి సమ్మయ్య అరుస్తున్నాడు. "ఏమున్నదో గదే తీస్కరా! దున్ని పెట్టిన, చెలక ఎదురుసూత్తాంది!"

"నువ్వాగుండయ్యా," అని అరిచి, నా వైపు తిరిగింది. "మరి మేమేం జెయ్యాలె? గది జెప్పు."

ఎండాకాలమంతా షీటు కింద కాగిన మడి ఒకటి ఖాళీగా ఉంది. ఇవాళే విత్తితే నారు ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. కాపు కూడా ఆలస్యమవుతుంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అత్తదంటవా?"

"నేను చూసుకుంటా. పక్కాగా వస్తదని మాత్రం చెప్పలేను."

ఆమె కొంగు దులిపి లేచింది. "చెప్పలేనన్నవ్ సూడు, గందుకే నీ కాన్నే పోపిచ్చుకుంట," అంది.

ఆ రోజు నిలిచింది ఆమె, ఇంకా కొన్ని కుటుంబాలు. మిగతావాళ్ళు వేరే చోటికి పోయారు. రోగం పట్టిన మడి మొత్తం పీకి తగలబెట్టాం. తడి నారు కాబట్టి పొగే ఎక్కువ. గార్డు సాబ్ కళ్ళు తుడుచుకుంటూ అది పొగ వల్లేనన్నాడు. కప్పు చిల్లు మూసి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మందు మిగతా మళ్ళ మొదళ్ళలో పోశాం. కొత్త మడికి కాలువ ఇంకా లోతు చేశాం. ముసురులో పొద్దునా సాయంత్రం ఒక్కో వరుసా వంగి చూసేదాన్ని. కొమురమ్మ వారానికోసారి బస్సులో వచ్చి నాతో పాటు వంగి చూసేది. నారు నిలిచింది.

ఆమె చేను ఆలస్యంగా నాటినా కాపు బాగానే పట్టింది. కథ ఇంతటితో ఆపితే బాగుండును. కానీ మేము నాటకమాడుతున్నామన్న ఆయన ఎక్కడో కొన్న నారుతో కొమురమ్మకన్నా మంచి పంట తీశాడు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఆ ముచ్చట గుర్తుచేసేవాడు. అయినా నారుకు మా దగ్గరికే వచ్చేవాడు. "అంత మందిల ఉన్నది చెప్పిన్రు గదా, గది మరువ," అనేవాడు.

కొమురమ్మ పందిరి

మరుసటి ఎండాకాలం కొమురమ్మ చేటలో మామిడికాయలు పెట్టుకుని వచ్చింది. "మా ఊళ్ళనే నారు పోత్త. నేర్పుతవా?" అని అడిగింది.

గార్డు సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. "వాళ్ళూరి గిరాకీ అంత పోతది, తెలుసు గదా?"

"పోతది సాబ్."

"మరి?"

"వర్ధన్నపేట రైతు బస్సుల నారు తెచ్చుకుంటే సగం వాడిపోతాంది. అక్కడనే దొరికితే మంచిది గదా. మనం నర్సంపేట వైపు చూసుకుందాం."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "నేను మొదలు పెట్టినప్పుడు నాకెవ్వలు నేర్పలే. నేర్పితే ఆ ఫెర్న్‌లు బతికేవి," అన్నాడు. తర్వాత తానే ఆమెకు వెదురు ఎక్కడ చవకో చెప్పాడు.

రెండు నెలలు ఆమె మా దగ్గర పని చేసి నేర్చుకుంది. ఊరికి పోయి సమ్మయ్యతో పందిరి వేయించింది. మాకు గిరాకీ ఒక ఏడు తగ్గింది, మరుసటి ఏడు నర్సంపేట వైపు పెరిగింది. నేర్పితే వ్యాపారం పోతుందని భయపడేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: పోయేది కొంత ఉంటుంది. చుట్టుపక్కల నారు కొనే అలవాటు పెరిగితే వచ్చేది అంతకంటే ఎక్కువ. నాకైతే అట్లాగే అయింది.

గార్డు సాబ్ ఆ తర్వాత కొన్నాళ్ళకు నర్సరీని నా చేతికి అప్పగించి, ఆపాతో ఇంటి వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను ఒక్కదాన్నే నడిపిన మొదటి వానాకాలం, ఒప్పుకున్న నారు కొంత తక్కువపడింది. నర్సంపేట రైతుకు మాట ఇచ్చి ఉన్నాను. పొద్దున్నే గంప పట్టుకుని వర్ధన్నపేట బస్సెక్కాను.

కొమురమ్మ పందిరి కింద అడుగుపెడితే చల్లగా ఉంది. మళ్ళు ఎత్తుగా, కాలువలు శుభ్రంగా ఉన్నాయి. మూలన పైకప్పు తీసిన ఒక మడి నారు నేను పెంచినదానికన్నా మందంగా, ముదురుపచ్చగా ఉంది.

"కొమురమ్మా, ఈ మడి నాకియ్యి," అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, తల అడ్డంగా ఊపింది.

"గది ఇయ్యాల ఇయ్యనక్కా. నిన్ననే కప్పు తీసిన, ఇంకా ఎండకు అలవాటు గాలే. నీ రైతు చేన్ల పెడితే వాడిపోతది. రెండు రోజులాగి రా."

"నేను మాటిచ్చిన కొమురమ్మా. ఇయ్యాల రైతు వస్తడు."

"వస్తే వచ్చిండు. చాయ్ పోసి కూసోపెట్టు. రెండు రోజులన్న!"

ఎంత అడిగినా వినలేదు. మధ్యాహ్నం బస్సులో ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని కాజీపేటకు తిరిగొచ్చాను. నారు తేవడానికి పోయానని పనివాళ్ళు చెప్పారట, రైతు గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. గంప చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఏందమ్మా, ఉత్త చేతులతోటి వచ్చినవ్. ఇయ్యనన్నరా?"

"ఇయ్యనన్నది," అన్నాను. నాకు నవ్వు ఆగలేదు. "కూసో అన్నా. చాయ్ పెడత."